గుంటూరు వాళ్ళది దుబారా, సీమ వాళ్ళది పిసినారితనం అంటారు. నిజమేనా?

అమ్మా, మీరు అడిగింది ముందు ఒకసారి క్లుప్తంగా చెప్పుకుంటాను. మీది అనంతపురం వైపు, ఉద్యోగం విజయవాడలో. గుంటూరు దగ్గర మిర్చి పండించే కుటుంబం నుంచి సంబంధం వచ్చింది, అబ్బాయి మీకు నచ్చాడు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం "గుంటూరోళ్ళకి డాబెక్కువ, అప్పు చేసైనా దర్జా చూపిస్తారు, ఆ ఇంట్లో రూపాయి నిలవదు" అంటున్నారు. ఇటు ఆఫీసులో మీరు రోజూ క్యారేజీ తెచ్చుకుంటారని, హోటల్లో బిల్లు సరిచూసుకుంటారని "సీమవాళ్ళు ఎంగిలి చేత్తో కాకిని తోలరు" అని నవ్వుతున్నారు. ఈ మాటల్లో నిజమెంత, పెళ్ళి విషయంలో వీటిని లెక్కలోకి తీసుకోవాలా అన్నది మీ ప్రశ్న.

తీసుకోవద్దు. అలాగని కొట్టిపారేసి ఊరుకోవద్దు కూడా. ఈ మాటలు ఎక్కణ్ణించి పుట్టాయో తెలిస్తే, మీరు నిజంగా అడగాల్సిన ప్రశ్నలేమిటో తెలుస్తుంది. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం గుంటూరు, తెనాలి, విజయవాడ వన్‌టౌన్ బ్రాంచీల్లో, అదీ అప్పులిచ్చే సీట్లో గడిచింది. మధ్యలో కదిరిలో కూడా పనిచేశాను, అప్పటికి అది మీ జిల్లాలోనే ఉండేది. మనుషుల ఖర్చు సంగతి వాళ్ళ మాటల్లోకన్నా వాళ్ళ పాసుపుస్తకాల్లో బాగా కనబడుతుంది. అక్కడ నేను చూసింది ఇదీ: డబ్బు ఒక ఇంటికి ఎన్నాళ్ళకోసారి వస్తుంది, ఎంత ఖాయంగా వస్తుంది అన్నదాన్నిబట్టే ఆ ఇంటి ఖర్చు అలవాట్లు ఏర్పడతాయి. జిల్లా పేరు పైన అతికించిన చీటీ మాత్రమే.

మీకు వచ్చిన సంబంధంతోనే మొదలుపెడదాం. మిర్చి రైతుకి వానాకాలం మొదట్లో నారు పోసిన దగ్గర్నుంచి పెట్టుబడి మొదలవుతుంది. నారు, ఎరువులు, దుక్కులు, కలుపు కూలీలు, ఆపైన మందులు. మిర్చికి మందు చాలాసార్లు కొట్టాలి. చివర్లో కోతకూలి మరొక పెద్ద ఖర్చు. సొంత పొలం కాకపోతే వీటన్నిటికన్నా ముందు కౌలు కట్టాలి. ఇంత చేస్తే డబ్బు కళ్ళచూసేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో. గుంటూరు యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వెళ్ళాలి, కమీషన్ కొట్లో మచ్చు చూసి ధర కట్టాలి, కాటా వెయ్యాలి, రంగు పోయిన తాలుకాయ పక్కకి తీసి దానికి వేరే ధర వెయ్యాలి. ఇదంతా అయ్యాక ఏడాది సంపాదన మొత్తం ఒక్కసారిగా చేతికొస్తుంది.

వచ్చిన రోజే సగం పోతుంది. కమీషన్ వ్యాపారి సాగు మొదట్లో ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుంటాడు. ఎరువుల కొట్టు ఖాతా తీర్చాలి. నోటు రాసి తెచ్చిన అప్పుకి వడ్డీ కట్టాలి. మిగిలినదాంతో ఆ ఇంట్లోవాళ్ళు ఏడాదిగా వాయిదా వేసుకున్న పనులన్నీ చేస్తారు: ఇంటికి సున్నాలు, పిల్లల ఫీజులు, కాస్త బంగారం, బండి. పెళ్ళి ముహూర్తాలు కూడా మాఘం, ఫాల్గుణం, వైశాఖం అని ఇంచుమించు ఆ నెలల్లోనే వస్తాయి. బయటి ఊరి చుట్టం వచ్చేది ఆ పెళ్ళికే. మండపం చూస్తాడు, విస్తట్లో వంటకాలు లెక్కపెడతాడు, ఆడవాళ్ళ మెడలు చూస్తాడు, "అబ్బో, గుంటూరు వాళ్ళ ఖర్చు!" అని వెళ్ళిపోతాడు. ఆగస్టులో ఆ ఇంటికి ఎవరూ రారు. మందుల కొట్టువాడు ఇక అరువివ్వనంటే ఆ ఇల్లాలు మెళ్ళో హారం తీసి బ్యాంకుకి పంపటం ఏ చుట్టమూ చూడడు.

ఆ హారాల్ని మేం చూసేవాళ్ళం. వర్షాకాలంలో తాకట్టుకి వచ్చిన నగ మార్చిలో విడుదలై పెళ్ళికి వెళ్ళేది, మళ్ళీ వర్షాలు పడగానే మా సేఫులోకి తిరిగొచ్చేది. కొన్ని నగలు పెద్దకూతురి పెళ్ళికీ, చిన్నకూతురి పెళ్ళికీ ఇలాగే వెళ్ళొచ్చాయి. అందుకే పెళ్ళిలో బంగారం చూసి "డాబు" అంటే నాకు బాధగా ఉంటుంది. గుంటూరు రైతుకి బంగారం అంటే అర్ధగంటలో డబ్బయ్యే పొదుపు. పంటరుణం మూడు లక్షల దాకా ఏడు శాతానికి వస్తుంది, గడువులోగా కడితే వడ్డీ రాయితీ పోను నాలుగు శాతమే పడుతుంది. అదే బయట నెలకి నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. మూడు రూపాయలంటే ముప్ఫై ఆరు. ఇంట్లో నాలుగు సవర్ల బంగారం ఉంటే ఆ రెండు మూడు రూపాయల వడ్డీ గుమ్మం ఎక్కకుండా బ్యాంకు వడ్డీతోనే గట్టెక్కవచ్చు. బంగారం కొన్న ఆ ఇల్లాలు పొదుపు చేసింది. అది అందరికీ కనబడేచోట మెళ్ళో ఉంది కాబట్టి డాబుగా తోచింది.

ఇక నష్టం సంగతి. పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లో 1987-88లో తెల్లదోమ పత్తిని ఎలా తుడిచిపెట్టిందో, ఎందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారో ఆ తరంవాళ్ళు మర్చిపోలేదు. నిన్నగాక మొన్న 2021-22లో నల్ల తామరపురుగు మిర్చి పూతలోకి దూరి పొలాలకు పొలాలు ఖాళీ చేసింది. ఆ దెబ్బకి కొందరు తోటలు దున్నేశారు. ఒక ఏడాది ధర ఆకాశంలో ఉంటుంది, మరో ఏడాది కోతకూలి కూడా గిట్టదు. ఇంత ఊగిసలాటలో బతికే మనిషి మంచి ఏడాది వచ్చినప్పుడు డబ్బుని త్వరగా ఏదో ఒక వస్తువుగా మార్చేస్తాడు. ఇల్లు, బంగారం, పిల్లల చదువు. డబ్బుగా ఉంచితే వచ్చే ఏడాది పెట్టుబడి దాన్ని మింగేస్తుందని అతనికి తెలుసు. దూరంనుంచి చూసేవాళ్ళకి అది చేతిలో రూపాయి ఆగకపోవటంలా ఉంటుంది. లోపలికి వెళ్ళి చూస్తే భయం కనబడుతుంది.

"అప్పుల మనుషులు" అన్న మాటకి వద్దాం. కేంద్ర గణాంక శాఖ 2019 సంవత్సరానికి చేసిన వ్యవసాయ కుటుంబాల సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం సాగు కుటుంబాలకి అప్పు ఉందని తేలింది. సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. దేశ సగటు 74,121 రూపాయలే. ఈ అంకె చూపించి "చూశారా, ఆంధ్రావాళ్ళు" అనేవాళ్ళున్నారు. ఒకటి గమనించండి, ఆ 93 శాతం రాష్ట్రం మొత్తానిది, అందులో గుంటూరూ ఉంది, అనంతపురమూ ఉంది. మీ పెద్దలూ, అబ్బాయి వాళ్ళూ ఒకే పట్టికలో ఉన్నారు. రెండోది, ఎవరూ అప్పివ్వని చోట ఎవరికీ అప్పుండదు. బ్యాంకులు పల్లెల దాకా వెళ్ళిన రాష్ట్రంలో, డబ్బు పెట్టుబడి అడిగే పంటలున్న రాష్ట్రంలో, కౌలు ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో అప్పు పెద్దదిగానే కనబడుతుంది. దాన్నిబట్టి మనిషి స్వభావం చెప్పటం కుదరదు.

ఇప్పుడు మీ వైపు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన, అదీ సమయానికి పడుతుందన్న నమ్మకం లేదు, దానికింద చెనిక్కాయ, అంటే వేరుశనగ, పంట. నాలుగేళ్ళలో ఒక్క ఏడాది నిండుగా పండితే ఆ పంట మిగతా ఏళ్ళని మోయాలి. అక్కడ ఖర్చు తగ్గించుకోవటం అంటే బీమా కట్టుకోవటమే. కదిరిలో నా దగ్గరికి వచ్చే రైతులు ఊరినుంచి సద్ది కట్టుకుని వచ్చేవాళ్ళు, పని సాయంత్రం దాకా సాగినా హోటల్‌కి వెళ్ళేవాళ్ళు కాదు. వాళ్ళని చూసి కోస్తానుంచి బదిలీమీద వచ్చిన మా సహోద్యోగులు కొందరు తేలిగ్గా మాట్లాడేవాళ్ళు. వాళ్ళే ఆ ఊళ్ళల్లో దేవర, అంటే గ్రామదేవత జాతర, జరిగినప్పుడు చూసుంటే ఆ మాట అనేవాళ్ళు కాదు. ఎన్నో ఏళ్ళకోసారి దేవర చేస్తారు, ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు. సద్దిమూట విప్పుకుని తినే ఆ మనిషే పొట్టేళ్ళు కోసి, ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా చెయ్యిపట్టి కూర్చోబెట్టి పెడతాడు. తిన్నది చాలదని కోప్పడతాడు కూడా. కాబట్టి మీ ఆఫీసువాళ్ళు అనే పిసినారితనం సీమ మనిషిలో సగం. రెండో సగం చూడాలంటే ఆ ఊరు వెళ్ళాలి.

గుంటూరు జిల్లా కూడా ఎప్పుడూ ఇలా లేదు. నందన కరువు అని 1832-33లో వచ్చింది. గుంటూరు ప్రాంతంలో లక్షకు పైగా మనుషులు పోయారు, ఊళ్ళకు ఊళ్ళు పాడుపడ్డాయి. ఆ తర్వాత బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది, దాని కాలవలు పారాక డెల్టాలో వరి స్థిరపడింది. మెట్టవైపు, ముఖ్యంగా పల్నాడు, నాగార్జునసాగర్ నీళ్ళకోసం 1967 దాకా ఆగింది. అంటే ఇవాళ మీరు "గుంటూరోళ్ళు" అని ఒకే ముద్ద చేసే మనుషుల్లో తెనాలి, రేపల్లె డెల్టా రైతు తాతకి ఉన్న ధీమా వేరు, మాచర్ల వైపు రైతు తాత పడ్డ ఎద్దడి వేరు. తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అని పేరు పెట్టుకున్న నాటికి మాచర్ల రైతు వానకోసం ఎదురుచూస్తున్నాడు. ఒకే జిల్లాలో ఇంత మార్పు ఉంటే, జిల్లా పేరుతో స్వభావం ఎలా చెబుతాం? ఇప్పుడు ఆ పాత జిల్లాని మూడు ముక్కలు చేశారు, వేటి మూసలు వాటికి పుట్టటానికి ఎంతో కాలం పట్టదు.

విజయవాడ వన్‌టౌన్‌లో లెక్క మళ్ళీ వేరు. బట్టల కొట్లు, ఎలక్ట్రికల్ సామాన్లు, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కిరాణా హోల్‌సేలు. రాజస్థాన్ నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలున్నాయి, స్థానిక వ్యాపార కుటుంబాలున్నాయి. వాళ్ళ గురించి జనం ఏమంటారో నేను రాయనవసరం లేదు, మీరూ వినే ఉంటారు. వ్యాపారికి డబ్బు రోజూ వస్తుంది, కానీ అది అతని డబ్బు కాదు, సరుకు డబ్బు. గల్లాలో రూపాయి సీజన్లో పదిసార్లు తిరిగి పదిసార్లు లాభం తేవాలి. దాన్ని ఇంటి ఖర్చుకి తీస్తే పోయేది ఆ ఒక్క రూపాయి కాదు, అది తిరిగి తెచ్చే లాభాలన్నీ. అందుకని వ్యాపారి ఇల్లు కొట్టుకన్నా సాదాగా ఉంటుంది. అతని పెట్టుబడి పద్ధతి అది. అదే వ్యాపారులు ఎండాకాలం బెజవాడ మండిపోతున్నప్పుడు వీధి వీధికీ చలివేంద్రాలు పెడతారు, మజ్జిగ పోస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పొట్లాలు కట్టి పంపినవాళ్ళలో "రూపాయి రాల్చరు" అని పేరుపడ్డవాళ్ళూ ఉన్నారు, "దుబారా" అని పేరుపడ్డవాళ్ళూ ఉన్నారు. గుంటూరు, తెనాలి వైపు పల్లెల్లో గుళ్ళదగ్గర పులిహోర కలిపి వ్యాన్లకెత్తారు.

ఇలాంటి ముద్రలు మనకొక్కళ్ళకే ఉన్నాయనుకోకండి. స్కాట్లండ్‌లో అబర్డీన్ ఊరివాళ్ళంటే పిసినారులని బ్రిటన్ అంతా జోకులు వేసుకుంటుంది. బల్గేరియాలో గబ్రోవో అనే ఊరుంది. అక్కడివాళ్ళు చలికాలం పిల్లి లోపలికి వచ్చేటప్పుడు తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచాల్సొస్తుందని పిల్లి తోకలే కత్తిరిస్తారట. ఆ ఊరివాళ్ళు దానికి నొచ్చుకోక 1972లో ఏకంగా హాస్య ప్రదర్శనశాలే పెట్టుకున్నారు. అదే స్కాట్లండ్‌లో 1810లో రూత్‌వెల్ అనే పల్లెలో ఒక మతగురువు పేదల కోసం పొదుపు బ్యాంకు పెట్టాడు, ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకి వెళ్ళింది. అదే స్కాట్లండ్‌లో నేతపనివారి ఇంట పుట్టిన ఆండ్రూ కార్నెగీ అమెరికాలో సంపాదించిందాన్లో ఎక్కువ భాగం పంచిపెట్టి, రెండున్నర వేలకు పైగా గ్రంథాలయాలు కట్టించాడు. ఇంకొకటి: 2005లో 'సైన్స్' పత్రికలో 49 సంస్కృతుల మీద ఒక పెద్ద పరిశోధన వచ్చింది. మా దేశంవాళ్ళం ఇలాంటివాళ్ళం అని జనం నమ్మేదానికీ, విడివిడిగా మనుషుల స్వభావాలు కొలిస్తే వచ్చినదానికీ పొంతన కుదరలేదు. తమ గురించి తాము నమ్మేదే తప్పవుతుంటే పక్క జిల్లా గురించి మనం నమ్మేదానికి విలువెంత?

నాకు ఈ విషయంలో పట్టుదల ఎందుకంటే, ఈ మాటలు నవ్వులాటతో ఆగవు. సర్వీసులో ఒక పై అధికారి ఉండేవాడు. కొన్ని ఊళ్ళ పేర్లు చెప్పి, అక్కడివాళ్ళు తీసుకున్నది తాగి తిని తగలేస్తారు, అప్పివ్వొద్దు అనేవాడు. కాగితం మీద ఉండేది కాదు, నోటిమాటగా నడిచేది. ఆ ఊళ్ళలో కౌలుకి చేసుకునే మనుషులుండేవాళ్ళు. సొంత భూమి లేదు, తాకట్టుకి బంగారం లేదు, చేతిలో ఉన్నది కౌలు కార్డు, మంచి పేరు. ఊరిపేరే చెడ్డదని ఫైలు పక్కన పెడితే వాళ్ళు వెళ్ళేది మూడు రూపాయల వడ్డీకి. ఒక్క పంట పోయాక ఆ వడ్డీ తీర్చలేక ఊరొదిలి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. అప్పుడు జనం అన్నమాట మళ్ళీ అదే: "చెప్పలేదూ, ఆ ఊరోళ్ళంతే." ముద్ర వేసి అప్పు ఆపితే ఆ ముద్రే నిజమైపోతుంది. నేను పోట్లాడి కొన్ని ఫైళ్ళు పాస్ చేయించాను. వాటిలో ఎక్కువమంది గడువులోపే కట్టారు.

ఇక పెళ్ళి ఖర్చుల సంగతి, మీకు బాగా పనికొచ్చేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. గుంటూరు వైపు పెళ్ళిలో భోజనాలయ్యాక ఒక మూల బల్లేసుకుని పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషిని గమనించండి. చదివింపులు రాసేది ఆయనే. ఎవరు, ఏ ఊరు, ఎంత. నూట పదహార్లనుంచి వేల పదహార్ల దాకా. ఆ పుస్తకాన్ని నగలతో సమానంగా దాస్తారు. రేపు ఆ చదివించినవాళ్ళింట్లో పెళ్ళయితే పుస్తకం తీసి చూసి, ఎంత తీసుకున్నామో దానిమీద కొంచెం వేసి తిరిగి చదివిస్తారు. తండ్రి రాయించుకున్నది కొడుకు తీరుస్తాడు. నిజానికి ఇది వడ్డీలేని చేబదులు. బ్యాంకులు పల్లెలకి రాకముందు ఒక కుటుంబానికి ఒకేసారి పెద్దమొత్తం కావాల్సివస్తే ఊరంతా కలిసి సర్దిన పద్ధతి ఇది. మీ వైపు కూడా ఉంది, వివరాలు తేడా అంతే. వెయ్యిమందికి భోజనం పెట్టటం అనవసరమైన ఖర్చుగా కనబడుతుంది కానీ ఆ వెయ్యిమందిలో చాలామందికి ఆ ఇల్లు పాతికేళ్ళుగా చదివిస్తూ వచ్చింది. వాళ్ళని పిలవకపోతే ఇచ్చింది రాదు, పరువూ దక్కదు.

అలాగని అక్కడి పెళ్ళి ఖర్చంతా సబబేనని నేననను. గత పదిహేనేళ్ళలో, ముఖ్యంగా అమరావతి చుట్టుపక్కల భూముల ధరలు పెరిగిన తర్వాత, ఒకరిని చూసి ఒకరు పెంచుకుంటూ పోయిన ఖర్చులున్నాయి. రాజధాని కోసం చేసిన భూసమీకరణలో పొలాలిచ్చిన రైతులకి ఎకరాకి ఏడాదికి మెట్టకైతే 30,000, నీటి వసతి ఉన్న జరీబు భూమికైతే 50,000 మొదలుకుని కౌలు ఇస్తామన్నారు, పైన ప్లాట్లు. పొలం ధర ఎంత పెరిగిందో చూసి, చేతికి రాని డబ్బు నమ్ముకుని ఖర్చుపెట్టిన కుటుంబాలు తర్వాత ఇబ్బందిపడ్డాయి. దీనికి కూడా కారణం గుంటూరు రక్తం కాదు, ఆస్తి విలువని ఆదాయం అనుకోవటం. ఎక్కడ భూమి ధర ఉన్నట్టుండి పెరిగినా ఇదే జరుగుతుంది, హైదరాబాద్ శివార్లలో చూడండి.

కట్నం మాట ఎత్తితే మాత్రం ఏ జిల్లా పద్ధతి అని సర్దుకుపోవద్దు. 1961 నుంచీ చట్టరీత్యా నేరం. ఇవ్వటమూ నేరమే. లాంఛనాలు, ఆడపడుచు కట్నం అని పేరు మార్చినా అదే. నా దగ్గరికి వచ్చిన అప్పుల్లో ఎప్పటికీ తీరనివి పంట అప్పులకన్నా కూతురి పెళ్ళికి చేసినవే ఎక్కువ.

పిల్లల చదువు ఖర్చు విషయంలో కూడా గుంటూరు, కృష్ణా వాళ్ళమీద ఒక మాట ఉంది, పొలం అమ్మైనా అమెరికా పంపిస్తారని. నిజమే, పంపిస్తారు. దానికి తప్పుపట్టే ముందు ఈ ప్రాంతం చదువు మీద పెట్టిన పాతకాలపు ఖర్చు కూడా చూడాలి. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పెట్టినప్పుడు, అది అప్పటికి గుంటూరు జిల్లానే, దాన్ని నిలబెట్టింది ఊళ్ళోవాళ్ళే. విజయవాడలో 1975లో సిద్ధార్థ అకాడమీ పెట్టి, రెండేళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ తెరిచింది విరాళాలిచ్చిన మనుషులే. ఇలా ఇచ్చినవాళ్ళలో జీవితమంతా తెగిన చెప్పులే మళ్ళీ కుట్టించుకుని తొడుక్కున్నవాళ్ళున్నారు.

మీ ఆఫీసు సంగతికి జవాబు చిన్నది. క్యారేజీ మానకండి, బిల్లు సరిచూడటం మానకండి. కాకపోతే ఇక్కడ ఒక అలవాటుంది. నలుగురు కలిసి టిఫినుకెళ్తే బిల్లు ఒకరే కడతారు, నేనిస్తానంటే నేనిస్తానని చేతులు పట్టుకుంటారు. పంచుకుందామంటే మనసు చిన్నబుచ్చుకుంటారు. ఆ కట్టేవంతు మనసులో లెక్కగానే ఉంటుంది, పైకి చెప్పరు. మీరు నెలకోసారి ముందుగా కౌంటరు దగ్గరికెళ్ళి కట్టేయండి. మొత్తంమీద మీకు పడేది పంచుకున్నంతే, సీమ మాట మళ్ళీ రాదు. వచ్చినా, మీ ఊరి దేవరకి వాళ్ళని ఒకసారి పిలవండి.

ఇక సంబంధం విషయంలో మీరు చూడాల్సినవి. ఇంటి ముందు కారు చూడొద్దు, అది ఉన్నా లేకపోయినా ఏమీ చెప్పదు. ఆ ఇంటికి డబ్బు ఏ నెలలో వస్తుందో, ఎంత సొంత భూమి, ఎంత కౌలు అని అడగండి. అబ్బాయిది జీతమైతే ఆ జీతంలో ఎంత పొలానికి వెళ్తుందో అడగండి. చాలా ఇళ్ళలో ఉద్యోగం చేసే కొడుకు జీతమే వర్షాకాలం పెట్టుబడి. అది తప్పు కాదు, కానీ మీకు ముందే తెలియాలి. పోయిన మిర్చి సీజన్ ఎలా గడిచిందో, నల్లతామర వచ్చిన ఏడాది ఎలా తట్టుకున్నారో అడగండి. ఆ జవాబులో ఆ కుటుంబం డబ్బుతో ఎలా మసులుతుందో మొత్తం బయటపడుతుంది. అడిగినందుకు నొచ్చుకునేవాళ్ళయితే అది కూడా మీకు ఒక సమాచారమే. మీ ఇంటి అప్పు సంగతి కూడా అంతే విప్పి చెప్పండి.

పొలం మీద ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే రిజిస్టరైన తనఖాలు తెలుస్తాయి. అబ్బాయి క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది, ఇద్దరూ తీసి ఒకరిది ఒకరు చూసుకోండి, సిగ్గుపడాల్సింది లేదు. కానీ ప్రామిసరీ నోట్లు ఈ రెండింట్లోనూ కనబడవు. మన పల్లెల్లో చాలా అప్పు నోట్లమీదే నడుస్తుంది. మూడేళ్ళలోపు చెల్లు వేయించటమో తిరగరాయటమో చేస్తూ పదేళ్ళు లాగిన నోట్లు నేను చూశాను. కాబట్టి అబ్బాయిని నోరు తెరిచి అడగాల్సిందే: నాన్నగారి పేరుమీద నోట్లున్నాయా, మీ సంతకం వాటిమీద ఉందా అని.

అన్నిటికన్నా ముఖ్యంగా, హామీ సంతకాలు అడగండి. గుంటూరనే కాదు, ఏ జిల్లాలోనైనా చాలామందికి ఒక మంచి గుణం ఉంది. స్నేహితుడు అడిగితే కాదనలేక బ్యాంకులో హామీగా సంతకం పెట్టేస్తారు. అది ఖర్చు కాదు కాబట్టి ఇంట్లో చెప్పరు కూడా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. అతను కట్టకపోతే బ్యాంకు ముందు అతన్ని తేల్చుకుని తర్వాత మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు, నేరుగా మీ ఇంటికే రావచ్చు. అలాంటి నోటీసులు అందుకుని, ఆ సంతకం సంగతి అప్పుడే మొదటిసారి తెలిసిన భార్యలు నా బల్ల ముందు కూర్చున్నారు. పాత హామీలుంటే అబ్బాయి వెళ్ళి ఆ బ్యాంకులో బకాయి ఎంతుందో రాతపూర్వకంగా తెచ్చుకోమనండి. వీలైతే అప్పు తీసుకున్న మనిషిచేత వేరే హామీ పెట్టించి తన పేరు తీయించుకోమనండి. పెళ్ళయ్యాక ఎవరు ఎవరికి హామీ పెట్టినా రెండోవాళ్ళకి ముందు చెప్పాలని ఇప్పుడే అనుకోండి, ఈ నియమం మీకూ వర్తిస్తుంది.